బీపీ లేదుగా, ఆ మాత్ర ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. లివర్ సిరోసిస్. రెండు నెలల క్రితం రక్తం కక్కుకుంటే ఎండోస్కోపీలో అన్నవాహికలోని సిరలకు బ్యాండ్లు వేశారు. నెల తర్వాత మరోసారి వేశారు. ప్రొప్రనొలాల్ 20 మి.గ్రా. రెండు పూటలా వాడమన్నారు. అది బీపీ మాత్రట. ఆయనకు బీపీ లేదు, పల్స్ కూడా 62కి దిగింది. ఆపేయొచ్చా?

జవాబు: ఆపకండి. ఇది బీపీ కోసం ఇచ్చింది కాదు. కాలేయం గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తం దాని గుండా సాఫీగా పోదు. ఆ రక్తాన్ని కాలేయానికి తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, రక్తం అన్నవాహిక అడుగునున్న సన్నటి సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి చిట్లుతాయి. బ్యాండు ఆ సిరను బిగించేస్తుంది గానీ వెనకున్న ఒత్తిడిని ముట్టుకోదు. ఆ పని మాత్రది. ఒకసారి రక్తస్రావమయ్యాక ఏ చికిత్సా లేకుంటే ఏడాదిలోపే నూటికి 60 మందికి మళ్లీ అవుతుంది. అందుకే రెండూ కావాలి.

పల్స్ 62 అంటే మందు పనిచేస్తోందన్నమాట. మేం కోరుకునేది 55–60. ఇంకా మోతాదు పెంచినా ఆశ్చర్యపోకండి. కొందరికి దీని బదులు కార్వెడిలాల్ ఇస్తారు, 6.25 మి.గ్రా.తో మొదలుపెట్టి 12.5కి తీసుకెళ్తారు. పొద్దున మాత్ర వేసుకునే ముందు, కాసేపు కూర్చున్నాక, పల్స్, బీపీ రాసిపెట్టండి. పై బీపీ 90 కంటే తగ్గినా, పల్స్ 50 దాటి కిందికి పోయినా, మూత్రం తగ్గినా, జ్వరమొచ్చినా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. తగ్గించాలో ఆపాలో ఆయన చెబుతారు. ఉబ్బసం ఉంటే ఈ మందు పనికిరాదు, ముందే చెప్పాలి. షుగర్ మందులు వాడేవారికి ఇంకో చిక్కు: షుగర్ పడిపోయినప్పుడు గుండెదడ తెలియదు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించాలి.

రెండుసార్లతో బ్యాండింగ్ అయిపోయినట్టు కాదు. సిరలు పూర్తిగా మాయమయ్యేదాకా 2–4 వారాలకోసారి వేయాలి. ఆ తర్వాత 3–6 నెలలకు ఒక పరీక్ష, అక్కణ్నుంచి 6–12 నెలలకోసారి. చాలామంది ఇక్కడే మానేస్తారు, సిరలేమో మళ్లీ పుట్టుకొస్తాయి. బ్యాండు వారం పది రోజుల్లో దానంతటదే ఊడిపోతుంది. ఊడినచోట పుండు పడుతుంది, కొన్నిసార్లు దాన్నుంచే రక్తం కారుతుంది. ఆ రోజుల్లో మెత్తటి, చల్లారిన ఆహారమే పెట్టండి. ఆ పుండు కోసం ఇచ్చే అసిడిటీ మాత్ర కొద్ది రోజులకే. దాన్ని ఏళ్ల తరబడి సాగదీయకండి.

మద్యం చుక్క కూడా వద్దు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకుంటే చేసిందంతా వృథా. డాక్టర్‌నడిగి పారాసెటమాల్ వాడొచ్చు, రోజుకు 2 గ్రాములు మించకుండా.

ఇంత చేసినా మళ్లీ రక్తం పడితే టిప్స్ (TIPS) అనే చికిత్స ఉంది. మెడ సిర గుండా వెళ్లి కాలేయంలో స్టెంట్‌తో దారి వేస్తారు. దానివల్ల కొందరికి మతిభ్రమ రావచ్చు, అందుకే అందరికీ మొదటే చేయరు.

ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది. అయితే తారులా జిగురుగా, దుర్వాసనతో ఉంటే అది రక్తమే. తెల్లారేదాకా ఆగకుండా ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.