సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటలో బ్రహ్మాండమైన అంతరిక్ష నిర్మాణాన్ని ఎలా వాడుకోవాలి?

ఎంత పెద్దదో వర్ణించి ఊరుకుంటే అది వెనుక తెరగానే మిగిలిపోతుంది కనుక, దాని భౌతిక నియమాలు ఆటగాళ్ల నిర్ణయాలను మార్చేలా చూడాలి. 1974లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త జెరార్డ్ ఓ'నీల్ ప్రతిపాదించిన, సుమారు 6.4 కిలోమీటర్ల వ్యాసం, 32 కిలోమీటర్ల పొడవు గల స్థూపాకార ఆవాసాన్నే తీసుకోండి: అది దాదాపు 2 నిమిషాలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతూ లోపలి గోడ మీద భూమిపై ఉన్నంత బరువును కలిగిస్తుంది. అక్కడ 100 మీటర్ల మేడ పైనుంచి జారవిడిచిన ఇనుప గుండు, భ్రమణానికి ఎదురు దిశలో 15 మీటర్లకు పైగా పక్కకు పడుతుంది. స్థూపం కొసను మూసే గోడ వెంట, అది తిరిగే అక్షం వైపు ఎక్కేవారి బరువు సగం దూరంలో సగమై, నడిమధ్యకు చేరేసరికి పూర్తిగా పోతుంది. గురిపెట్టి కాల్చడానికైనా, పారిపోవడానికైనా ఆటగాళ్లు ఈ లెక్క వేసుకోక తప్పదు. నా దృష్టిలో అంతకన్నా బలమైన కథాంశం, సూర్యకాంతిని లోపలికి మళ్లించే అద్దాలది: వాటిని తిప్పే అధికారం ఎవరి చేతిలో ఉంటే పగలూ రాత్రీ, పంటలూ వారి చేతిలోనే ఉంటాయి.