వరద కాలువలపై పరిశోధన: అమ్మాయి ఎంపికను కాదనకండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం పూర్తి చేసింది. మారుతున్న వాతావరణంలో కుండపోత వానలను తట్టుకునే నగర వరద కాలువల మీద పరిశోధన చేస్తానంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్‌లో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, మలక్‌పేట

జవాబు: గట్టి వాన పడితే మలక్‌పేట రైలు వంతెన కింద పరిస్థితి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మీ అమ్మాయి తేల్చాలనుకుంటున్నది ఆ నీటి లెక్కే. కాలువల కొలతలను గడిచిన దశాబ్దాల వాన రికార్డులను బట్టి నిర్ణయిస్తూ వచ్చారు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కాబట్టి, ఆ రికార్డులు రేపటి వానకూ సరిపోతాయనుకోవడానికి వీల్లేదు. పైగా ఖాళీ నేలంతా కాంక్రీటు కావడంతో, ఇంకాల్సిన నీరు నేరుగా నాలాలోకి ఉరుకుతోంది. ఎంత వానకు ఏ నాలా ఎక్కడ పొంగుతుంది, అక్కడ కాలువను వెడల్పు చేయాలా, ఎగువ చెరువుకు దాని చోటు తిరిగి ఇవ్వాలా అన్నది పరిశోధకులు తేల్చాలి. గొలుసుకట్టు చెరువుల మీద పెరిగిన హైదరాబాద్‌కు ఆ చివరి ప్రశ్నే ముఖ్యమని నా నమ్మకం. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సూచించినదీ ఎగువన నీటిని ఆపే జలాశయాలనే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చినవే. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగినప్పుడు, చెరువునూ కాలువనూ విడివిడిగా చూడకూడదని అందరికీ తెలిసొచ్చింది.

చదువు విషయానికొస్తే, గేట్ రాసి వరంగల్ నిట్‌లోనో, హైదరాబాద్ ఐఐటీలోనో, బెంగళూరు ఐఐఎస్సీలోనో జలవనరుల విభాగంలో చేరవచ్చు. గేట్‌తో ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు, కేంద్ర విద్యాసంస్థల్లో పీహెచ్‌డీకి తొలి రెండేళ్లు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తున్నారు. స్నేహితులు సాఫ్ట్‌వేర్ జీతాలు అందుకుంటున్న ఆ ఐదారేళ్లూ మీ ఇల్లు ఈ మొత్తంతో సర్దుకోగలదా అన్నది ముందే కూర్చుని మాట్లాడుకోండి. ప్రోగ్రామింగ్ ఇక్కడా తప్పదు కనుక, బంధువుల సలహా పూర్తిగా వృథా పోదు.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. వాన లేని రోజు, టేపు పట్టుకుని మీ కాలనీ కల్వర్టు దగ్గరకు ఇద్దరూ వెళ్లండి. లోపలికి దిగకుండా, గట్టు మీద నుంచే పొడవాటి కర్రతో శ్లాబు అడుగు నుంచి పూడిక దాకా ఎంత ఖాళీ ఉందో కొలవమనండి. ఆ కొలతకు కాలువ వెడల్పు, వాలు, నీరు వచ్చి చేరే ప్రాంతం, వాన వివరాలు జోడించి, వాన నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే, ఉచితంగా దొరికే ఎస్‌డబ్ల్యూఎంఎం సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, నీరు ఎప్పుడు రోడ్డెక్కుతుందో లెక్క కట్టమనండి. తరువాతి పెద్ద వానకు ఆ లెక్క తప్పితే, ఎందుకు తప్పిందో తెలుసుకునేదాకా ఆమె వదలకపోతే, గేట్ దరఖాస్తు ఫీజు మీరే కట్టండి.