ధ్యానంలో దొరికే శాంతి, లేచాక మిగిలే దుఃఖం

ప్రశ్న: మావారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. నిరుడు గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచి తెల్లవారుజామున ధ్యానంలో కూర్చుంటున్నాను. ఒక్కోసారి నా పేరు, నా శరీరం, నా బాధ అన్నీ కరిగిపోయి అంతా ఒకటేనన్న భావం కలుగుతోంది. లేచాక మాత్రం గుమ్మం దగ్గరున్న ఆయన చెప్పుల వైపు చూడలేకపోతున్నాను. ఒక కౌన్సిలర్ అస్తిత్వవాద-మానవతావాద పద్ధతి మేలంటే, మరొకరు ట్రాన్స్‌పర్సనల్ పద్ధతి మేలంటున్నారు. వీటికి తేడా ఏమిటి? నేను ఏది ఎంచుకోవాలి?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: జీవితంలోని కఠిన సత్యాలను ఎదుర్కొని మనిషి తన దారి తానే ఎంచుకునేలా తోడ్పడేది అస్తిత్వవాద-మానవతావాద పద్ధతి; ‘నేను’ను దాటిన అనుభవాలకూ చోటిచ్చేది ట్రాన్స్‌పర్సనల్ పద్ధతి. ఈ రెండూ పరస్పరం పరాయివి కావు. 1961లో మొదలైన మానవతావాద మనస్తత్వశాస్త్ర పత్రికకు సంపాదకుడైన ఆంథొనీ సుటిచ్, 1969లో ట్రాన్స్‌పర్సనల్ పత్రికనూ ప్రారంభించారు. మనిషి తన శక్తులన్నీ వికసించాక కూడా తనను తాను దాటిపోగలడని చివరి సంవత్సరాలలో నమ్మిన మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో ఆయనకు తోడు నిలిచారు.

తేడా అంతా మరణాన్నీ, ‘నేను’ అనే హద్దునూ చూసే తీరులో ఉంది. మరణం, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థరాహిత్యం అనే నాలుగింటిని ఎవరూ తప్పించుకోలేరని అస్తిత్వవాద చికిత్సకుడు ఇర్విన్ యాలమ్ 1980లో వివరించారు. వాటిని ఎదుర్కొన్నప్పుడే ఇకముందు ఎలా బతకాలో మనమే ఎంచుకోగలమన్నది ఆ దృక్పథం. యోగం, వేదాంతం, జెన్ సంప్రదాయాల నుంచి ఎంతో స్వీకరించిన ట్రాన్స్‌పర్సనల్ దృక్పథం మాత్రం ఆ ‘నేను’ అనే హద్దే అంతిమం కాదంటుంది. మనిషి బాధను దాటవేస్తుందన్న భయంతో అస్తిత్వవాద మనస్తత్వవేత్త రోలో మే దీనిని వ్యతిరేకించారు.

మీకు కలుగుతున్న అనుభవం దానంతట అదే జబ్బు కాదు. 1994లో అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ గ్రంథం సైతం మతపరమైన, ఆధ్యాత్మిక సమస్యలను మానసిక రుగ్మతలుగా కాక వేరే విభాగంలో చేర్చింది. అయితే ధ్యానంలోని శాంతిని అడ్డం పెట్టుకొని తీరని దుఃఖాన్ని తప్పించుకోవడం గురించి 1980లలో హెచ్చరించిన మనస్తత్వవేత్త జాన్ వెల్‌వుడ్ స్వయంగా బౌద్ధ సాధకుడు, ట్రాన్స్‌పర్సనల్ రంగానికి చెందినవారే. మన ఇళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పదోరోజు కూడా గడవకముందే “ఆత్మకు చావు లేదమ్మా, ఏడవకు” అని బంధువులు ఓదారుస్తారు. వారి ఉద్దేశం మంచిదే గానీ, ఏడవవలసిన మనిషికి ఏడ్చే చోటు లేకుండా పోతుంది.

అందుచేత ముందుగా అస్తిత్వవాద పద్ధతిలో పనిచేసే కౌన్సిలర్ దగ్గరకే వెళ్లమని నా సలహా. ఆ చెప్పుల గురించి, ఆయనతో చెప్పకుండా మిగిలిపోయిన మాటల గురించి అక్కడ మాట్లాడండి. ధ్యానం మానవలసిన పని లేదు. కానీ ఆ అనుభవాన్ని కూడా దాచకుండా చెప్పండి. దాన్ని భ్రమ అని కొట్టిపారేసినా, మహాసిద్ధి అని పొగిడినా మరొకరిని చూసుకోండి. ట్రాన్స్‌పర్సనల్ మార్గం కావాలనిపిస్తే, దుఃఖం కాస్త తెరిపిన పడ్డాక ఆలోచించవచ్చు.

వరుసగా కొన్ని రాత్రులు నిద్ర పట్టకపోయినా, ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నా, చనిపోవాలన్న తలంపు వచ్చినా ధ్యానం ఆపి వెంటనే మనోవైద్యుని కలవండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దగ్గరే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.