చీర ఒక్కటే ఉంది, క్విల్ట్ పూర్తవ్వాలి

సందేహం: ఈ మధ్యే అమెరికా వచ్చాం. అమ్మ కట్టుకున్న నేత చీర ఒకటి వెంట తెచ్చుకున్నాను. దానితో క్విల్ట్ కుట్టాలని ఉంది. ఒక్క చీర సరిపోతుందా? మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తానేమోనని భయం.

జవాబు: సరిపోతుంది. కాకపోతే కత్తెర పట్టే ముందు లెక్క వేసుకోవాలి. క్విల్ట్ అంటే మూడు పొరల దుప్పటి: ముక్కలు అతికిన పైభాగం, మధ్యలో బ్యాటింగ్ అనే దూది పొర, వెనక గుడ్డ. క్విల్టులు ఎక్కువగా ఆగిపోయేది ఒకే చోట: ముక్కలన్నీ అతికి పైభాగం పూర్తయ్యాక. అందంగా కనిపించేది అదే కాబట్టి గుడ్డంతా దానికే పెట్టేస్తాం. వెనక వేయడానికి, చుట్టూ అంచుల్ని మూసే పట్టీకి, అంటే బైండింగ్‌కి ఏమీ మిగలదు. అది అల్మారాలోకి వెళ్తుంది, ఏళ్ళు గడుస్తాయి. అందుకే వెనక గుడ్డ ముందు కోసి పక్కన పెట్టండి. పైభాగం తర్వాత.

సోఫాలో కాళ్ళ మీద కప్పుకునే సైజు, 48×60 అంగుళాలు, అనుకుందాం. చీర ఆరు గజాలు, అంటే 216 అంగుళాలు. పన్నా 45 అంగుళాలు. వెనక గుడ్డ చుట్టూ మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి కాబట్టి 54×66 కావాలి. చీరలోంచి 54 అంగుళాల పొడవున్న ముక్కలు రెండు తీసి, అంచులు కత్తిరించకుండానే అర అంగుళం కుట్టుతో పక్కపక్కన కలపండి. 89 అంగుళాల వెడల్పు వస్తుంది. 66 ఉంచుకుని మిగతా 23 అంగుళాల పట్టీని కోసేయండి. బైండింగ్ అందులోంచే వస్తుంది. రెండున్నర అంగుళాల వెడల్పు, 54 పొడవుతో అయిదు పట్టీలు తీస్తే 270 అంగుళాలు. మీకు కావలసింది చుట్టుకొలత 216, అతుకులకూ మూలలకూ ఇంకో పది.

ఇక పైభాగం. ఆరున్నర అంగుళాల చదరాలు కోస్తే కుట్టాక ఆరు అంగుళాలవుతాయి. అడ్డం 8, నిలువు 10, మొత్తం 80. రెండు పక్కలా మూడేసి అంగుళాల అంచు వదిలేసినా పన్నాలో ఆరు చదరాలు పడతాయి. 14 వరసలు, 91 అంగుళాలు. వెనక గుడ్డకు 108, దీనికి 91, మొత్తం 199. చిరుగులకు, పొరపాట్లకు 17 అంగుళాలు మిగిలాయి. లాంగ్‌ఆర్మ్ అనే పెద్ద క్విల్టింగ్ మెషీన్ ఉన్నవాళ్ళకి ఇచ్చి మూడు పొరలూ కుట్టించేట్టయితే వాళ్ళు సాధారణంగా చుట్టూ నాలుగేసి అంగుళాలు అడుగుతారు. అప్పుడు వెనక ముక్కలు 56 పొడవు తీయాలి. అయినా 203తో అయిపోతుంది.

ఈ లెక్క బాగున్న చీరకి. పాత చీరను ముందు కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. కుచ్చిళ్ళ కింది అంచు, ఫాల్ కుట్టిన చోటు, భుజం మీద పిన్ను పెట్టే చోటు బాగా నలిగి ఉంటాయి. నడుములో దోపుకునే లోపలి చివర ఎక్కువ గట్టిగా ఉంటుంది. వెనక గుడ్డ అక్కడి నుంచి మొదలుపెట్టండి. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చించితే పేక నూలు వెంట తిన్నగా చిరుగుతుంది. కాగితంలా, ఏ బలమూ పెట్టకుండానే చిరిగిందంటే ఆ భాగం క్విల్టుకు పనికిరాదు.

పలచబడినా బలం ఉన్న భాగాన్ని కాపాడుకోవచ్చు. గంజి పెట్టి ఇస్త్రీ చేశాక కోస్తే ముక్కలు సాగవు, మూలలు కలుస్తాయి. కుట్టడం అయ్యాక గంజి పోయేలా ఉతకండి, లేకపోతే పురుగు పడుతుంది. మరీ పలచనైతే ఇస్త్రీతో అతుక్కునే పలుచని నేత ఇంటర్‌ఫేసింగ్ వెనక అంటించి, ఆ తర్వాతే చదరాలు కోయండి. జరీ ఉన్న చోట ఇస్త్రీ వేడి తగ్గించి, పైన నూలు గుడ్డ పరవండి. ఇప్పటి జరీ చాలావరకు పాలిస్టర్ మీద చేసిందే, వేడికి ముడుచుకుపోతుంది.

రంగు పరీక్ష తప్పనిసరి. ముక్కను తడిపి తెల్ల గుడ్డ మీద నొక్కండి. ఎరుపు, నీలం, పెడన కలంకారీ ఎక్కువగా దిగుతాయి. ఉప్పునీళ్ళు, వెనిగర్ ఇప్పటి రంగుల్ని నిలపలేవు. రంగు దిగడం ఆగేదాకా విడిగా ఉతకడమే మార్గం.

కుట్టుకు వదిలే పావు అంగుళం దగ్గరే ఎక్కువ మందికి లెక్క తప్పుతుంది. ప్రతి కుట్టులోనూ చదరానికి రెండు పక్కలా అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోతే ఎనిమిది చదరాల వరసలో దాదాపు అంగుళం తగ్గిపోతుంది. ముందుగా ఒకటిన్నర అంగుళాల పట్టీలు మూడు కుట్టి చూడండి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. రాకపోతే సూది స్థానం సరిచేసుకోండి. నూలుకు 80/12 సూది, పట్టుకు 70/10 మైక్రోటెక్స్ (సన్నటి మొన ఉన్న) సూది బాగుంటాయి. ఇండియా నుంచి కరెంటు మెషీన్ తేవొద్దు, అది 230 వోల్టులది, ఇక్కడ 120. చాలా ఊళ్ళ లైబ్రరీల్లో మెషీన్ వాడుకోనిస్తారు, అడగండి.

మధ్య పొరకు బ్యాటింగ్ కొనేటప్పుడు క్రిబ్ సైజు 45×60, మన 48×60కి చాలదు. దానికంటే పెద్దదైన ట్విన్ సైజు కొనండి, లేదా చదరాలు 7×9కి తగ్గించి 42×54 చేయండి. అప్పుడు క్రిబ్ సైజుతోనే సరిపోతుంది. పాత సలహాల్లో జోఆన్ అనే గుడ్డల దుకాణాల కూపన్ల మాట కనిపిస్తుంది. ఆ దుకాణాలన్నీ 2025లో మూతపడ్డాయి. బ్యాటింగ్ తునకలుంటే అంచులు తిన్నగా కోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఆనించి, వెడల్పాటి జిగ్‌జాగ్ కుట్టు వేయండి. మీదకు ఎక్కితే గట్టులా తేలుతుంది. బ్యాటింగ్ అసలు వద్దనుకుంటే మన బొంత పద్ధతి ఉంది: మధ్యలో ఇంకో పాత చీర రెండు మడతలుగా పరిచి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్టడం. చలికాలానికి బ్యాటింగ్ అంత వెచ్చగా ఉండదు కానీ బలంగా ఉంటుంది.

పూర్తి చేయడానికి పెద్ద డిజైన్లు అక్కర్లేదు. మూడు పొరల్నీ నేల మీద పరిచి, వెనక గుడ్డను టేపుతో బిగించి, పిడికిలి పట్టేంత దూరానికి ఒక పిన్ను పెట్టి, మధ్య నుంచి బయటికి కుట్టుకుంటూ రండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ మధ్యకు పోగయి మడతలు పడతాయి. ఒక కుట్టు వరసకీ ఇంకో వరసకీ ఎంత దూరం ఉండొచ్చో బ్యాటింగ్ ప్యాకెట్ మీద ఉంటుంది. కొన్నిటికి పది అంగుళాలు, కొన్నిటికి మూడు నాలుగే. దాన్ని మించితే ఉతికాక దూది ఉండలు కడుతుంది. మెషీన్ మీద తిప్పలేకపోతే నాలుగు అంగుళాలకొకటి గట్టి దారంతో ముడి వేసినా క్విల్ట్ నిలుస్తుంది.

బైండింగ్‌కి గుడ్డ చాలకపోతే బ్యాటింగ్‌ను పైభాగానికి సమంగా కోసి, వెనక గుడ్డను చుట్టూ అంగుళం ఎక్కువ ఉంచి, అర అంగుళం చొప్పున రెండుసార్లు ముందుకు మడిచి కుట్టేయండి. మిగిలిన చీర అంచుల్ని బోర్డరుగా వేసుకోవచ్చు. బోర్డరు పొడవును క్విల్ట్ మధ్యలో కొలవాలి. పక్కన కొలిస్తే సాగిన అంచు కొలతే వచ్చి బోర్డరు అలలుగా లేస్తుంది.

గుడ్డ తక్కువని చిన్నబుచ్చుకోకండి. అలబామాలోని జీస్ బెండ్‌లో నల్లజాతి మహిళలు అరిగిపోయిన పని బట్టలతో, జీన్స్ ముక్కలతో కుట్టినవి 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చాయి, 2006లో తపాలా బిళ్ళల మీదకెక్కాయి.

పుట్టబోయే బిడ్డకోసం కుడుతుంటే ఒక జాగ్రత్త. ఏడాది లోపు పిల్లల పడకలో క్విల్టులు, దుప్పట్లు పెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళెదుట, నేల మీద బోర్లా ఆడించడానికి పరవండి. దానికి జరీ ముక్కలు వాడొద్దు, గీసుకుంటుంది. మొదటి ఉతుకు చల్లటి నీళ్ళలో, రంగు పీల్చే షీట్లు వేసి, వేరే బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. డ్రయర్‌లో నూలు బ్యాటింగ్ కొంచెం ముడుచుకుంటుంది, అది మామూలే.