ఈసీజీ నార్మలే, మరి ఈ దడేమిటి?

గుణుపురం తమ్ముడూ, మీరు రాసింది చదివాను. మీ చెల్లికి 26 ఏళ్లు. నెలకు రెండు మూడుసార్లు ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంటుంది, పావుగంటలో తగ్గిపోతుంది. ఆసుపత్రికి వెళ్లేసరికి ఈసీజీ నార్మల్. టెన్షన్ అని మాత్రలు రాశారు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి దీన్ని పెద్దది చేయొద్దని ఇంట్లో వాళ్లు అంటున్నారు. ఆరేళ్లపాటు నాదీ అచ్చం ఇదే కథ. నేను డాక్టరును కాను, పర్లాకిమిడిలో జాకెట్లు కుట్టుకునేదాన్ని. నాకు జరిగింది, డాక్టర్లు నాకు విడమరిచి చెప్పింది, అంతే రాస్తాను.

అన్నిటికంటే ముందు ఇది చూసుకోండి. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా కిందిదంతా చదువుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. పరుగెత్తుతున్నప్పుడు స్పృహ తప్పినా, మీ వంశంలో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా పోయి ఉన్నా, దడ లేని రోజునైనా సరే గుండె డాక్టరుకు చూపించాల్సిందే.

నాకు మొదటిసారి 2016 దసరా ముందు వచ్చింది. కుట్టాల్సిన జాకెట్లు గుట్టగా పడున్నాయి. బాబిన్ జారి మెషిన్ కిందికి దొర్లింది. వంగి తీసి లేచేసరికి ఛాతీలో ఎవరో స్విచ్ వేసినట్టు మొదలైంది. మెడలో టకటకా కొట్టుకుంటోంది. ఎదురుగా అద్దంలో చూసుకుంటే నల్లపూసలు కదులుతున్నాయి. నీళ్లు తాగాను, పడుకున్నాను, దేవుడికి మొక్కాను. ఇరవై నిమిషాలయ్యాక లోపల ఒక్క పెద్ద దెబ్బ తగిలినట్టయి ఠక్కున ఆగిపోయింది. ఆ తరువాత గంటలో మూడుసార్లు బాత్రూముకు పరుగెత్తాను. ఈ చివరిది చెప్పడానికి నాకు సిగ్గేసి ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి దడకు అదీ ఒక ఆనవాలేనట.

ఇంకో పొరపాటు మాట దగ్గర జరిగింది. నా పుట్టిల్లు టెక్కలి, అప్పటికి నా ఒడియా అంతంతమాత్రం. చూసిన డాక్టరుగారేమో కటక్ వైపు నుంచి కొత్తగా వచ్చినవారు. మనకు దడ అంటే భయమూ అదే, గుండె కొట్టుకోవడమూ అదే. నేను దాన్ని ఒడియాలోకి తిప్పి "డర లాగుచి" అన్నాను. అంటే భయమేస్తోందని! భయమేస్తోందన్న మనిషికి ఆయన భయం తగ్గే మాత్రలు రాశారు. ఆయన్నేమని అనగలను? "ఛాతి ధడధడ" అనాల్సిందని మా ఆడపడుచు తరువాత నేర్పింది. మీరు గుణుపురంలోనే పుట్టి పెరిగారు కాబట్టి ఆ ఇబ్బంది మీకు రాదనుకోండి. కానీ తెలుగులో చెప్పినా "దడగా ఉంది" అని ఒక్కమాటతో వదిలేయొద్దు.

సరైన ప్రశ్న మొదటిసారి ఎవరైనా అడిగింది బరంపురంలో. "మెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా వచ్చిందా? తగ్గడం మెల్లగానా, ఠక్కునా?" అని అడిగి, ఆ కొట్టుకోవడం ఎలా ఉంటుందో బల్ల మీద వేలితో కొట్టి చూపించమన్నారు ఆ డాక్టరుగారు. మెషిన్ నిండు వేగంతో నడుస్తున్నట్టు, ఒక్క కుట్టూ తప్పకుండా కొట్టి చూపించాను. మా అత్తయ్యది అలా ఉండేది కాదు. బెల్టు వదులైన మెషిన్ లాగా రెండు కొట్టి ఆగి, మళ్లీ మూడు కొట్టి, లెక్కాపత్రం లేకుండా నడిచేది. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైంది ఆవిడకు. అలా తాళం తప్పి కొట్టుకునే దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. దాంతో గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందని రక్తం పలచబడే మందు ఇచ్చారు.

మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేది చాలావరకు గుండె తప్పు కాదు, ఒంట్లో ఇంకేదో ఉంటే దానికి జవాబుగా గుండె పరుగెడుతుంది. జ్వరం, మే నెల ఎండలో ఒంట్లో నీరు తగ్గడం, రక్తం తక్కువగా ఉండడం, గర్భం, సుగరు పడిపోవడం, అయిదారు కప్పుల టీ, ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ పంపు, కొన్ని జలుబు మాత్రలు. నెలసరి ఎక్కువయ్యే ఆడపిల్లల్లో రక్తం తక్కువ కావడం మామూలే, ముందు అదే చూడాలి. మా వదినకు ఊరికే కూర్చున్నా నాడి నిమిషానికి 110 ఉండేది, చేతులు వణికేవి, బాగా తిన్నా చిక్కిపోయింది. థైరాయిడ్ ఎక్కువైందని రక్తపరీక్షలో తేలింది. టెన్షన్‌తో వచ్చే దడ కూడా నిజమే, దానికి మంచి వైద్యమూ ఉంది. నా గొడవల్లా మిగతావేవీ చూడకుండా ముందే ఆ పేరు పెట్టేయడం మీద.

కాబట్టి చేయించాల్సినవి: హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సుగరు, పొటాషియం, ఒక ఎకో (గుండె స్కాన్), దడ లేనప్పటి ఈసీజీ. ఆ మామూలు ఈసీజీ కూడా పారేయకండి. కొందరికి పుట్టుకతోనే గుండెలో కరెంటుకు అదనపు దారి ఒకటి ఉంటుంది, డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు. దాని గుర్తు దడ లేనప్పుడు కూడా ఈసీజీలో కనిపించవచ్చు, తెలిసిన కంటికి చూపించాలి. నడుముకు పెట్టె కట్టి 24 గంటలు గీసే హోల్టర్ నాకూ పెట్టారు. సరిగ్గా ఆ రోజే గుండె బుద్ధిగా ఉంది. నెలకు రెండుసార్లు వచ్చేది ఒక్కరోజు హోల్టర్‌లో దొరకడం అదృష్టమే. మామూలు ఈసీజీ పట్టేది పది సెకన్లే కదా.

అందుకే దడ వచ్చినప్పుడే దాన్ని పట్టుకోవాలి. రెండుసార్లు ఆటోలో వెళ్తుంటే దారిలోనే ఆగిపోయింది నాకు. మూడోసారి 2022లో, బరంపురంలో మా పెద్దమామయ్య గారి ఇంటి పెళ్లిలో. భోజనాల బంతిలో వంగి వడ్డిస్తుంటే వచ్చింది, అరగంటైనా తగ్గలేదు. పట్టుచీరతోనే క్యాజువాల్టీకి తీసుకెళ్లారు. "ఏ ఇంజెక్షన్ ఇచ్చే ముందైనా ఈసీజీ తీయండి" అని మా ఆయన గట్టిగా అడిగారు. తీశారు. గుండె నిమిషానికి 188 సార్లు! పక్కనున్న నర్సమ్మ ఆ కాగితం చూసి డాక్టరుగారి కోసం పరుగెత్తింది. ఆరేళ్ల తరువాత నా మాటకు సాక్ష్యం దొరికింది. భయం సంగతి పక్కన పెడితే, నిజం చెప్తున్నా, నాకు సంతోషమేసింది.

అప్పుడిచ్చింది అడినోసిన్ అనే ఇంజెక్షన్. "కొన్ని సెకన్లు ప్రాణం పోతున్నట్టుంటుంది, భయపడకండి" అని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. ఛాతీ మీద బండ పెట్టినట్టయింది, అంతలోనే పోయింది, దడ ఆగింది. నాది ఎస్‌వీటీ అన్నారు, అంటే గుండె పైభాగం నుంచి ఉన్నట్టుండి వచ్చే దడ. గుండె పైగదుల నుంచి కిందికి కరెంటు దిగే చోట నాకు ఒకటికి రెండు దారులున్నాయట. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కి, కరెంటు అక్కడే గిరగిరా తిరుగుతుంది. చాలామందికి ఇది ప్రాణాపాయం కాదు, కానీ బతుకును సతాయిస్తుంది.

జబ్బు పేరు తేలాక ఒక చిట్కా నేర్పారు. వెనక్కి వాలి కూర్చుని, 10 మిల్లీలీటర్ల సిరంజి మూతిలోకి లోపలి కడ్డీ కొంచెం కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే వెల్లకిలా పడుకుంటే, పక్కనున్నవాళ్లు రెండు కాళ్లూ ఎత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో ఇంగ్లండ్‌లో చేసిన పరిశోధనలో ఇలా చేస్తే వందలో 43 మందికి ఆగింది. కాళ్లు ఎత్తని పాత పద్ధతిలో 17 మందికే. నాకు మూడింట ఒకసారి పనిచేసేది. మీ చెల్లిది ఏ రకమో తేలకుండా మాత్రం మొదలుపెట్టకండి. మెడ నరం నొక్కమని ఎవరైనా చెప్తే అసలే వద్దు.

2023 జనవరిలో విశాఖలో అబ్లేషన్ చేయించుకున్నాను. తొడ నరంలోంచి సన్నటి తీగలు పంపి, ముందు కావాలనే దడ తెప్పించారు. మెలకువగానే ఉన్నాను. "ఇదేనా అమ్మా?" అంటే "ఇదే బాబూ, ఇదే" అన్నాను. ఆ రెండో దారిని వేడితో కాల్చేశారు. నా రకానికి వందలో 95 మందికి పైగా నయమవుతుంది, వందలో ఒకరికో అంతకంటే తక్కువమందికో పేస్‌మేకర్ (గుండెను కొట్టించే చిన్న యంత్రం) అవసరం పడొచ్చు అని సంతకానికి ముందే చెప్పారు. మళ్లీ రాలేదు. బాబిన్ పడితే ఇప్పటికీ కాలితోనే లాక్కుంటాను, అదో అలవాటు. ఒకవేళ మీకూ అక్కడిదాకా అవసరమైతే గుణుపురం–విశాఖ పాసింజరు ఉండనే ఉంది. మనది ఒడిశా ఆరోగ్య కార్డు, కాబట్టి ఏ ఆసుపత్రి తీసుకుంటుందో ముందే ఫోన్ చేసి అడగండి.

సంబంధాల సంగతి. నాకు చెల్లెలుండి ఇలా అయ్యుంటే పరీక్షలు పెళ్లికి ముందే చేయించేదాన్ని. గర్భంతో ఉన్నప్పుడు ఈ దడలు ఎక్కువ కావచ్చు, అప్పుడు మందులకూ సవాలక్ష జాగ్రత్తలు. అత్తవారింట్లో మొదటిసారి వస్తే ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

ఇక ఈ వారం చేయాల్సింది. కరోనాలో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే బ్యాటరీ వేసి పెట్టండి, దడ వచ్చినప్పుడు వేలికి పెట్టి ఫోనులో వీడియో తీయండి. రోగం పేరు అది చెప్పదు గానీ నాడి నిమిషానికి ఎంతో అంకె చెప్తుంది. వచ్చిన టైము, అప్పుడేం చేస్తోంది, ఎలా ఆగింది, ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఈసీజీ కాగితం చేతికందిన రోజే ఫోటో తీసుకోండి, బీరువాలో దాచిన నా పాత కాగితాల మీద గీతలు వెలిసిపోయాయి. రాత్రి పదకొండింటికి దడ వస్తే మీ వీధికి దగ్గరలో ఈసీజీ ఎక్కడ తీస్తారో, ఆ వేళకు తీసే మనిషి ఉంటాడో లేదో, రేపే వెళ్లి కనుక్కోండి.