వారానికోటి వాడాల్సిన విటమిన్ డి ప్యాకెట్ రోజూ వాడేశారు, రిపోర్టులో 168 వచ్చింది. ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు డాక్టర్ 60,000 యూనిట్ల విటమిన్ డి ప్యాకెట్లు వారానికొకటి చొప్పున 8 వారాలకు రాశారు. అమ్మ పొరపాటున రోజుకొకటి చొప్పున 40 రోజులు తాగింది. మధ్యలో ఇంకోచోట 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ కూడా వేయించుకుంది. పది రోజులుగా వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం. 25-హైడ్రాక్సీ విటమిన్ డి 168 వచ్చింది. 1,25-డైహైడ్రాక్సీ మాత్రం నార్మల్. ‘ఒంట్లో పనిచేసే డి ఇదే, కంగారు లేదు’ అని ల్యాబ్‌లో అన్నారు. బీపీ మాత్ర కూడా వాడుతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఈ రోజే అమ్మగారిని సర్వజనాసుపత్రికో, రాత్రింబగళ్లు రక్తపరీక్షలు చేసే మరో ఆసుపత్రికో తీసుకెళ్లండి. మగత, మాట తడబాటు, గుండెదడ ఉంటే 108కి ఫోన్ చేయండి. డి ప్యాకెట్లు, క్యాల్షియం మాత్రలు (వాటిలోనూ చాలావరకు డి కలిసే ఉంటుంది), క్యాల్షియం ఉన్న గ్యాస్ మాత్రలు ఇప్పుడే ఆపేయాలి.

ల్యాబ్‌వారి మాట నమ్మకండి. మింగిన డి కాలేయంలో 25-హైడ్రాక్సీగా మారి రక్తంలో నిలుస్తుంది, సగానికి తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది. ఒంట్లో ఎంత డి చేరిందో చెప్పేది అదే. మూత్రపిండాల్లో తయారయ్యే 1,25 కొద్ది గంటలే ఉంటుంది. డి మోతాదు మించితే శరీరం దాని తయారీని తగ్గించి, ఉన్నదాన్ని వేగంగా విరిచేస్తుంది. అందుకే విషప్రభావంలోనూ అది నార్మల్‌గా కనిపించవచ్చు. పేరుకుపోయిన 25-హైడ్రాక్సీయే క్యాల్షియాన్ని పెంచుతుంది. సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న వాపు గడ్డలు వచ్చే జబ్బు), కొన్ని టీబీ కేసుల్లో తీరు వేరు. అక్కడ పెరిగేది 1,25.

168 పక్కన యూనిట్ చూడండి. నానోగ్రాములైతే (మిల్లీలీటరుకు) ప్రమాదమే. 150 దాటితే విషప్రభావం ఉండొచ్చని అనుమానిస్తాం. నానోమోల్స్ అయితే (లీటరుకు) 2.5తో భాగించాలి, అప్పుడది 67 మాత్రమే. అమ్మగారు 40 ప్యాకెట్లలో 24 లక్షలు, ఇంజెక్షన్‌తో మరో 6 లక్షలు, మొత్తం 30 లక్షల యూనిట్లు తీసుకున్నారు. డాక్టర్ రాసింది 4.8 లక్షలే. కాబట్టి నానోగ్రాములే అయ్యుంటుంది.

ఇంకో మెలిక ఉంది. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల్లో డి అంకెను ఎక్కువగా, రక్తంలో క్యాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్‌ను తక్కువగా చూపిస్తాయి. విషప్రభావం లేకున్నా ఉన్నట్టే రిపోర్టు వస్తుంది. అవి వాడుతుంటే రెండు మూడు రోజులు ఆపి మళ్లీ రక్తం ఇవ్వాలి, లేదా బయోటిన్ ప్రభావం పడని మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో చేయించాలి. దానికోసం ఆసుపత్రికి వెళ్లడం మాత్రం వాయిదా వేయొద్దు.

విషప్రభావం ఉందో లేదో తేల్చేది రక్తంలోని క్యాల్షియమే. దాంతోపాటు ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పారాథైరాయిడ్ హార్మోన్, ఈసీజీ చేయించండి. ఆల్బుమిన్ తక్కువైతే అసలు క్యాల్షియం రిపోర్టులో కనిపించేదానికన్నా ఎక్కువ ఉంటుంది. క్యాల్షియం 11.4, ఆల్బుమిన్ 3 ఉన్నాయనుకోండి. ఆల్బుమిన్ 4కి ఎంత తగ్గిందో దాన్ని 0.8తో గుణించి కలిపితే 12.2 అవుతుంది. వాంతులూ ఉంటే ఆసుపత్రిలో చేర్చుకోవాల్సిందే. రక్తం తీసేటప్పుడు చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే క్యాల్షియం కాస్త పెరిగినట్టు వస్తుంది, ఆ మాట అక్కడి సిబ్బందికి చెప్పండి.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తారు. క్యాల్షియం తగ్గించేందుకు అవసరాన్ని బట్టి స్టెరాయిడ్, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇస్తారు. బీపీ మాత్ర అట్ట తప్పక చూపండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ అనే బీపీ మందులు క్యాల్షియాన్ని మూత్రంలో పోనివ్వవు, వాటిని మార్చాలి. డిగాక్సిన్ అనే గుండె మందు వాడుతుంటే అదీ చెప్పాలి, క్యాల్షియం పెరిగినప్పుడు అది గుండె లయను దెబ్బతీయవచ్చు.

డి కొవ్వులో నిల్వ ఉండి నెమ్మదిగా బయటికొస్తుంది. ఇంటికొచ్చాక క్యాల్షియం మళ్లీ పెరగొచ్చు. మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకోసారి చూపించాలి. అంతవరకు పాలు, పెరుగుతో పాటు రాగిసంగటి కూడా తగ్గించండి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది.

మోకాళ్ల నొప్పికి కారణం డి లోపమే కాకపోవచ్చు. అనంతపురం చుట్టుపక్కల కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది ఎముకలు, కీళ్లను దెబ్బతీసి నొప్పులు తెస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో పరీక్ష చేయించి, ముంజేతి ఎక్స్‌రే తీయించమని డాక్టర్‌ను అడగండి.