రాని బండికి ఇచ్చిన డబ్బు: తేదీ దాటకముందే దావా వేయండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల చెరువులు చేస్తాను. మా నాన్న చెరువు గట్ల మీద పాత జీపు తోలేవారు. ఆయన పోయాక అలాంటి గట్టి బండి కోసం నాలుగేళ్లుగా వెతుకుతున్నా. ఒంగోలులో పాత కార్లు అమ్మే ఒకాయన షార్జాలో 1996 మోడల్ టయోటా ల్యాండ్ క్రూజర్ 70 ఉందని ఫొటోలు చూపించాడు. 2023 జూలై 12న బ్యాంకు ద్వారా 5 లక్షలు, చేతికి 4.5 లక్షలు ఇచ్చాను. నాలుగు నెలల్లో తెస్తానన్నాడు. కాగితం రాసుకోలేదు, అంతా వాట్సాప్‌లోనే. బండి రాలేదు. 2024 నవంబరులో ఫోన్‌పేలో 20 వేలు వెనక్కి పంపాడు. ఇప్పుడేమో ఈశాన్య రాష్ట్రంలో రిజిస్టరైన అదే మోడల్ బండి ఉంది, ఇంకో 6 లక్షలు ఇస్తే రేపే తోలుకుపోవచ్చు అంటున్నాడు. తీసుకోమంటారా? లేక చీటింగ్ కేసు పెట్టాలా? కన్స్యూమర్ ఫోరానికి వెళ్లవచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది, పైన వేసింది దాని సారాంశమే; మీరు పంపిన మెసేజ్‌లూ, ఫొటోలూ కూడా చూశాను. అందులో మూడు పేజీలు మీ నాన్నగారి జీపు గురించి, ఆ ఒంగోలు ఆయన మాట తప్పిన తీరు గురించి. కేసుకు ఆ మూడు పేజీలూ అక్కర్లేదు. కేసును తేల్చేది ఒక్కటే: ఆ బండిని చట్టప్రకారం మన దేశానికి తేవడం కుదరదన్న సంగతి డబ్బు ఇచ్చేనాటికి మీకు తెలుసా, తెలియదా?

అసలు కుదరదు. విదేశాల నుంచి పాత బండి తేవాలంటే విదేశీ వాణిజ్య విధానంలో గట్టి షరతులున్నాయి. తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. దిగుమతి చేసుకున్నాక కనీసం అయిదేళ్లు రోడ్డు మీద తిరగగల స్థితిలో ఉందని, అన్నాళ్లూ ఇక్కడ సర్వీసు దొరుకుతుందని హామీ చూపించాలి. దిగాల్సింది ముంబయి ఓడరేవులోనే. ఇప్పుడు మీ వాట్సాప్ చూడండి. 1996 బండి. ఫొటోలో స్టీరింగ్ ఎడమవైపు. "అన్నా, షిప్ ఎక్కేసింది, కృష్ణపట్నంలో దించుతున్నా" అని మెసేజ్. మీ ఇంటికి దగ్గర కాబట్టి కృష్ణపట్నం పేరు మీకు నమ్మకంగా వినిపించింది. పాత కారు ఆ రేవులో దిగే మార్గమే లేదు.

దీనివల్ల మీకు రెండు ఫలితాలు, ఒకటి చేటు, ఒకటి మేలు.

చేటు ఇది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చట్టం ఒప్పుకోని పనికోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు. చెల్లదని తెలిసీ ఇద్దరూ చేతులు కలిపి ఉంటే కోర్టు ఎవరి పక్షానా నిలబడదు. మీ మెసేజ్‌లలో ఒకటి నాకు గుచ్చుకుంది: "పేపర్ల సంగతి మీరే చూసుకోండి, ఎట్టయినా తెప్పించండి." ఎదుటి వకీలు మొదట చూపించేది దీన్నే. ఇంత డబ్బు పెట్టే మనిషి ఒక్క కాగితం అడగకుండా "ఎట్టయినా" అని రాయడం ఏమిటండీ? చెరువు లీజుకు తీసుకునేటప్పుడు సర్వే నంబరు చూడకుండా సంతకం పెడతారా? అయితే దానికి ముందురోజు ఆయన పంపిన "డ్యూటీ కట్టే తెస్తా, అంతా లీగల్" అన్న మెసేజ్ కూడా ఉంది. మీ దావా నిలబడాల్సింది దాని మీదే. ఆయన లీగల్ అన్నాడు, మీరు నమ్మారు, తర్వాత విచారిస్తే కుదరదని తెలిసింది. ఒప్పందం చెల్లదని తర్వాత బయటపడితే, పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలని సెక్షన్ 65 చెబుతుంది. "చట్టం తెలియదనడం సాకు కాదు" అని ఎదుటివాళ్లు వాదిస్తారు. అందుకే దావాలో మోసాన్ని కూడా తేదీలతో సహా విడిగా రాయాలి.

మేలు ఏమిటంటే, బండి రాకపోవడమే మీ బలం. ఇండియన్ ట్రస్టుల చట్టం సెక్షన్ 84 ప్రకారం, అక్రమమైన పనికోసం సొమ్ము చేతులు మారినా ఆ పని జరగకపోతే, లేదా ఇచ్చినవాడి తప్పు పుచ్చుకున్నవాడి తప్పంత కాకపోతే, పుచ్చుకున్నవాడు ఆ సొమ్మును ఇచ్చినవాడి మేలుకోసమే పట్టుకుని ఉన్నట్టు లెక్క. రెండో బండి తీసుకున్నారో, ఈ వాదన మీ చేతులతో మీరే చెరిపేసుకున్నట్టే. "అదే లెక్కలో బండి ఇచ్చేశాను" అని ఆయన చేతులు దులుపుకుంటాడు.

ఆ బండిని ముట్టుకోకండి. మీరు పంపిన ఆర్‌సీ ఫొటోలో తయారీ 1997, మొదటి రిజిస్ట్రేషన్ 2018. మధ్యలో 21 ఏళ్లు ఆ బండి ఎక్కడుంది? దీనికి జవాబు ఒక్క కాగితమే, దిగుమతి వేళ కస్టమ్స్‌లో దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ. అది లేదు. ఆర్మీ వేలంలో కొన్నామనో, రాయబార కార్యాలయం అమ్మిందనో ఓ జిరాక్సు చేతిలో పెడతారు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ శాఖ ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో సోదాలు చేసి పట్టుకున్నవి ఇలాంటి బండ్లే. భూటాన్ మీదుగా తెచ్చి, దొంగ కాగితాలతో వేరే రాష్ట్రాల్లో రిజిస్టర్ చేయించి, దక్షిణాదిన అమ్మారన్నది ఆరోపణ. వాటిలో ల్యాండ్ క్రూజర్లూ ఉన్నాయి, డిఫెండర్లూ ఉన్నాయి. కొన్నవాళ్ల ఇళ్లలోంచి కూడా బండ్లు పట్టుకుపోయారు.

"నేను డబ్బిచ్చి కొన్నాను, నాకేం తెలుసు" అంటే బండి దక్కదు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 111(డి) కింద జప్తు అనేది వస్తువు మీద పడుతుంది, యజమాని మంచివాడా కాదా అని చూడదు. అక్రమంగా వచ్చిందని అనుమానించాల్సిన కారణం ఉండీ కొన్నారని తేలితే సెక్షన్ 112(బి) కింద బండి విలువ దాకా జరిమానా పడవచ్చు. 21 ఏళ్ల ఖాళీ ఉన్న ఆర్‌సీ చూశాక కారణం లేదని ఎలా చెప్పగలరు? జప్తుకు బదులు జరిమానా కట్టి విడిపించుకునే సెక్షన్ 125 ఉంది కానీ, నిషేధిత వస్తువుకు ఆ అవకాశం ఇవ్వడం అధికారి విచక్షణ. అటు ఆర్టీవో వైపు చూస్తే, తప్పుడు కాగితాలతో వచ్చిన రిజిస్ట్రేషన్‌ను మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55(5) కింద రద్దు చేస్తారు. ఎన్‌ఓసీ తెచ్చి నెల్లూరులో లైఫ్ ట్యాక్స్ కట్టేసినంత మాత్రాన పుట్టుక మారదు.

ఇక కాలపరిమితి. చాలామంది మునిగేది ఇక్కడే, మీరూ మెడలోతుకు వచ్చారు. డబ్బు వాపసు దావాకు మూడేళ్లు. ఎప్పటి నుంచి? ఒప్పందం తర్వాత విఫలమైందంటే లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 47 కింద విఫలమైన రోజు నుంచి, అంటే ఆయన చెప్పిన నాలుగు నెలల గడువు ముగిసిన 2023 నవంబరు నుంచి లెక్క. మొదటినుంచే చెల్లని ఒప్పందం అని కోర్టు అంటే ఆర్టికల్ 24 కింద డబ్బు అందిన రోజు నుంచి. రెండోదే ఖాయమనుకుని నడవండి. ఆ లెక్కన ఆఖరి రోజు 2026 జూలై 12. అది ఆదివారం. కోర్టు మూసి ఉంటే మర్నాడు వేయవచ్చని సెక్షన్ 4 చెబుతుంది కానీ, సోమవారం దాకా ఆగుదాం అనే క్లయింటును ఏ ప్లీడరూ ఇష్టపడడు. మధ్యలో వేసవి సెలవులూ ఉన్నాయి.

లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగదు. పోలీసు ఫిర్యాదు ఇచ్చినా ఆగదు. పెద్దమనుషుల్లో పెట్టినా ఆగదు. ఆ 20 వేలతో కొత్తగా మూడేళ్లు వచ్చాయని ఎవరో మీకు చెప్పారట. సగమే నిజం. బాకీలో కొంత కడితే సెక్షన్ 19 కింద కొత్త గడువు మొదలవుతుంది, కానీ ఆ చెల్లింపు కట్టినవాడి చేతిరాతలోనో, సంతకంతోనో కనిపించాలి. వట్టి ఫోన్‌పే ఎంట్రీ సరిపోతుందా అన్నది వాదనకు వస్తుంది. "మిగతాది సంక్రాంతికి సర్దుతా అన్నా" అన్న మెసేజ్ ఒప్పుకోలు కింద పనికొస్తుందేమో. పనికొస్తే మంచిదే, దాని మీద మాత్రం కూర్చోకండి. ఆయన నిజంగా రాజీకి వస్తానంటే గడువు దాటకముందే బాకీ ఒప్పుకుంటూ తేదీ వేసి సంతకం పెట్టిన కాగితం తీసుకోండి. అప్పుడు సెక్షన్ 18 కింద కొత్త మూడేళ్లు వస్తాయి. గడువు దాటాక పెట్టిన సంతకం ఆ సెక్షన్ కింద పనిచేయదు.

కన్స్యూమర్ కమిషన్‌కు రెండేళ్లే. అది దాటింది. ఆలస్యం మన్నించమని అడగవచ్చు గానీ, మీ ఉత్తరంలో ఆలస్యానికి కారణం "ఇస్తాడులే అనుకున్నా" అన్నది తప్ప మరొకటి లేదు.

క్రిమినల్ కేసు పెట్టవచ్చు. 2023 నాటి పని కాబట్టి కొత్త న్యాయ సంహిత కాదు, పాత ఐపీసీ 420 వర్తిస్తుంది. మాట తప్పడం వేరు, మోసం వేరు. మొదటి రోజు నుంచే ఇచ్చే ఉద్దేశం లేదని చూపాలి. దానికి మీ దగ్గర మంచి ఆధారం ఉంది, మీరే గమనించలేదు. ఆయన పంపిన కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు ఉన్నాయి. అసలు కంటైనర్‌కు నాలుగు అక్షరాల తర్వాత ఏడు అంకెలుంటాయి, చివరిది ముందున్నవాటిని లెక్కకట్టి సరిచూసే అంకె. అంటే ఆయన పంపింది పంపినట్టుగా ఏ డబ్బాకీ సరిపోయే నంబరు కాదు. కృష్ణపట్నం మెసేజ్, ఈ నంబరు, రెండూ ఫిర్యాదు మొదటి పేజీలోనే ఉండాలి. కేసు పెట్టారు కదా అని దావా ఆపకండి. జైలుకు పంపడం వేరు, డబ్బు రాబట్టడం వేరు.

చేతికిచ్చిన 4.5 లక్షల సంగతి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదన్న, 2023లో వర్తించిన 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 269ఎస్‌టీని మీరితే జరిమానా తీసుకున్నవాడి మీద పడుతుంది, మీ మీద కాదు. కానీ 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని దావాలో రాస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కోర్టులను ఆదేశించింది. కాబట్టి ఆ డబ్బు ఎక్కడిదో ముందే సిద్ధం చేసుకోండి: రొయ్యలు అమ్మిన బిల్లులు, ఆ వారం బ్యాంకులో తీసిన మొత్తం, ఇచ్చేటప్పుడు పక్కనున్న మనిషి. అవి లేకపోతే ఆ 4.5 లక్షలు తేలడం కష్టం. దానికోసం తప్పుడు రసీదు మాత్రం పుట్టించకండి, బ్యాంకు ద్వారా వెళ్లిన 5 లక్షలు కూడా అనుమానంలో పడతాయి.

దావా మీ ఊరి కోర్టులోనే వేయవచ్చు. కావలి బ్యాంకు నుంచి డబ్బు వెళ్లింది, ఆయన మాటలు మీకు అక్కడే చేరాయి. రాతకోతలు లేవు కాబట్టి పత్రం చూపి త్వరగా తీర్పు పొందే సమ్మరీ దావా కుదరదు, మామూలు డబ్బు దావాయే. ఆయన ఒంగోలు షెడ్డు ఖాళీ చేస్తున్నాడని మీరు రాసింది నిజమైతే, షెడ్డు ఫొటోలతో, ఆయన ఆస్తి వివరాలతో ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందే అటాచ్‌మెంట్, అంటే ఆ ఆస్తి అమ్మకుండా కోర్టు ఆపడం, అడగండి. వట్టి అనుమానంతో ఇవ్వరు. అమ్మేస్తున్నాడని చూపించాలి.

ఇంతా అయ్యాక కూడా ఆ బండి మీదే మనసుంటే, దారి సన్నమే కానీ ఉంది. జపాన్‌లో ల్యాండ్ క్రూజర్ 70ని 2023 నవంబరులో మళ్లీ అమ్మకానికి పెట్టారు, కుడి స్టీరింగ్‌తో. అక్కడి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్‌లో ఉండేది మొదటి రిజిస్ట్రేషన్ నెల. మన రూలు చూసేది తయారీ తేదీ. ఈ రెండింటి మధ్య తేడాలోనే మూడేళ్ల గడువు దాటిపోవచ్చు. ఛాసిస్ నంబరులో పదో అక్షరం చూసి ఏడాది చెప్పే చిట్కా జపాన్ లోపల అమ్మిన బండ్లకు పనిచేయదు, వాటి ఫ్రేమ్ నంబరు తీరే వేరు. తయారీ నెల కంపెనీ రికార్డు ప్రకారం కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు పంపండి, అదీ బ్యాంకు ద్వారానే. ఓడ ఎక్కే ముందు తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి, ముంబయిలో దిగాక పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలో పరీక్ష, మన పొగ నిబంధనలకు సరిపోవడం, అన్నీ దాటాలి. సుంకాలు, జీఎస్టీ కలిపి బండి విలువకు రెండింతలు మించుతాయి. ఇన్‌వాయిస్‌లో తక్కువ వేస్తే కస్టమ్స్ దాన్ని నమ్మాలని లేదు.

దుబాయ్‌లో ఉన్న మీ బావమరిది తిరిగొచ్చేటప్పుడు సామానుతో పాటు తెస్తాడన్న ఆలోచన కూడా వదిలేయండి. కస్టమ్స్ చట్టం సెక్షన్ 2(3)లో బ్యాగేజీ అంటే ఏమిటో చెప్పే చోటే మోటారు వాహనాలు కావని ఉంది. యాభై ఏళ్లు దాటిన బండ్లను తెచ్చుకోవడానికి 2025లో వీలు కల్పించారు. 1974 నాటి ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జే40 లాంటిది ఆ దారిన రావచ్చు. కానీ వింటేజ్ రిజిస్ట్రేషన్ బండి ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజూ తిరగడానికి కాదు. చెరువు గట్టు మీదకు మేత బస్తాలు మోయడానికి అసలే కాదు. ఇక్కడే ఎప్పుడో సుంకం కట్టి దిగిన బండి దొరికితే, ఒరిజినల్ బిల్ ఆఫ్ ఎంట్రీలోని ఛాసిస్ నంబరును బండి ఫ్రేమ్ మీద చెక్కిన నంబరుతో మీ కళ్లతో సరిచూడండి. నంబరు చుట్టూ కొత్త వెల్డింగ్, పెయింటు ఉంటే అక్కణ్నుంచి వచ్చేయండి.

చివరి పేరాలో, ఫోన్ స్క్రీన్ పగిలింది, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకుంటున్నానని రాశారు. ఇవ్వకండి. ఫోన్‌లోని చాట్ కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అది ఇచ్చేది ఆ ఫోన్ గురించే, అందులోని చాటే మీ ఒప్పంద పత్రం. స్క్రీన్ ఒక్కటే మార్పించి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, "ఎట్టయినా తెప్పించండి" అన్న మీ మెసేజ్‌తో సహా ఒక్కటీ డిలీట్ చేయకుండా ఈ వారంలోనే మీ వకీలు దగ్గరకు పట్టుకెళ్లండి.